మన ఊరి మీద యుద్ధం నవల సగంలో ఆపేశాను, పూర్తి చేయాలా?

ప్రశ్న

మేడమ్ గారికి నమస్కారం. మాది మల్కాపురం. మా వారు నేవీలో పనిచేస్తారు. హైదరాబాద్ నుంచి వస్తూ మా తమ్ముడు ఒక ఇంగ్లీషు థ్రిల్లర్ తెచ్చాడు, "మీ వైజాగ్ కథే అక్కా, చదువు" అని. ఇంకో పదేళ్ళకు జరిగే కథ. శత్రుదేశం సముద్రం వైపు దారులన్నీ మూసేస్తుంది. కరెంటు పోతుంది, ఫోన్లు పోతాయి. ఊరు సైన్యం చేతిలోకి వెళ్తుంది. అనకాపల్లి దగ్గరా భీమిలి దగ్గరా చెక్‌పోస్టులు. బియ్యం కావాలంటే చేతి మీద ముద్ర ఉండాలి. మా మల్కాపురం పేరు కూడా ఉంది అందులో. సగం చదివి ఆపేశాను. అప్పటి నుంచి నిద్ర సరిగ్గా లేదు. బీచ్‌కి వెళ్తే ఓడలు లెక్కపెడుతున్నాను, తక్కువగా కనిపిస్తే టెన్షన్. ఇదంతా నిజంగా జరుగుతుందా అని మా వారిని అడిగితే నవ్వేస్తారు. మళ్ళీ అడిగితే మాట మారుస్తారు. అంటే ఏదో ఉన్నట్టే కదా? మా అత్తగారేమో, "మొగుడు నీళ్ళ మీద ఉద్యోగం చేస్తుంటే ఇలాంటివి చదువుతారటే, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అంటున్నారు. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి, నేను ఎప్పుడు వదిలేస్తానా అని కాచుక్కూర్చున్నాడు. ఇంకొకటి, రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. అందులో యూనిఫాం వేసుకున్నవాళ్ళు రాత్రిపూట ఒక ఇల్లు సోదా చేస్తారు. అది చదివిన మర్నాడు మా వారి యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటే ఎలాగో అయిపోయింది. నాకేమైనా పిచ్చా? పుస్తకం పూర్తి చేయాలా, తమ్ముడికి తిరిగి ఇచ్చేయాలా?

పేరు వేయవద్దు, విశాఖపట్నం

జవాబు

పూర్తి చేయండమ్మా. సగంలో ఆపేసరికి మిగతా సగం రాత్రిళ్ళు మీరే అల్లుకుంటున్నారు, అది రచయిత రాసిన దానికంటే ఘోరంగా ఉంటుంది. కాకపోతే పడుకోబోయే ముందు చదవడం మానేయండి. మధ్యాహ్నం వంటపని అయ్యాక, వీధిలో కూరగాయల బండివాడి కేకలు వినిపిస్తుండగా చదవండి. ఈ రకం నవలకు అంతకంటే మంచి విరుగుడు నాకు తెలియదు.

నవల పేరు మీరు రాశారు, నేనూ చదివాను. ఇక్కడ పేరు వేయడం లేదు, మన సంగతి ఆ రచయితతో కాదు కాబట్టి.

మీకేం పిచ్చి లేదు. లండన్ మీద బాంబు పడిందని చదివితే పేజీ తిప్పేస్తాం. జగదాంబ జంక్షన్‌లో పడిందంటే చెయ్యి అక్కడే ఆగుతుంది. ఇది మీ బలహీనత కాదు, ఈ నవలల కిటుకు. చాలా పాత కిటుకు కూడా. మన దేశంలో సైనిక ఇంజనీరుగా పనిచేసిన చెస్నీ అనే అధికారి 1871లో తన పేరు వేయకుండా ఇంగ్లండ్ పత్రిక ఒకదానిలో ఒక కథ రాశాడు. జర్మన్ మాట్లాడే సైన్యం ఒకటి ఇంగ్లండ్ తీరంలో దిగి, లండన్‌కు దగ్గర్లో ఉన్న ఒక మామూలు ఊరి దగ్గర ఇంగ్లీషువాళ్ళను ఓడిస్తుంది. జరగని యుద్ధమే అయినా జనం ఎంత కంగారుపడ్డారంటే, అప్పటి ప్రధాని గ్లాడ్‌స్టన్ ఒక బహిరంగ సభలో నిలబడి ఈ భయాలు మానండని చెప్పాల్సి వచ్చింది.

1906లో జరిగింది ఇంకా బాగుంటుంది. డెయిలీ మెయిల్ పత్రిక అలాంటి కథనే సీరియల్‌గా వేయడానికి సిద్ధమైంది. శత్రుసైన్యం ఏ దారిన రావాలో రచయిత సైనిక నిపుణుల సలహాతో ముందే గీసిపెట్టుకున్నాడు. పత్రిక యజమాని హార్మ్స్‌వర్త్ ఆ దారికి ఒప్పుకోలేదు. దాని పొడవునా పల్లెటూళ్ళే, పత్రిక కొనేవాళ్ళు తక్కువ. శత్రువును పెద్ద పెద్ద ఊళ్ళ మీదుగా నడిపించమన్నాడు. రేపు ఏ ఊరి మీద దాడి జరగబోతోందో ముందుగానే ప్రకటనలు కూడా వేశారు! అందుకని ఆ నవల్లోకి మల్కాపురం ఎలా వచ్చిందో కాస్త అనుమానంగా చూడండి. శత్రువుకు మల్కాపురంతో ఎంత పనుందో గానీ, పుస్తకాల కంపెనీకి మల్కాపురంలో ఉండే మీతో పనుంది.

అలాగని విశాఖను ఊరికే ఎంచుకున్నాడని అనను. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం 1968 నుంచి ఇక్కడే ఉంది. మనం సొంతంగా కట్టుకున్న మొదటి అణుశక్తి జలాంతర్గామి అరిహంత్ 2009లో ఇక్కడే నీళ్ళలోకి దిగింది, 2024లో అరిఘాత్ ఇక్కడే నేవీలో చేరింది. ఇన్నేళ్ళుగా మనం విమానం ఎక్కిన ఎయిర్‌పోర్టు రన్‌వే కూడా నేవీదే. ఈ ఊరు యుద్ధం చూడలేదా అంటే అదీ కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఓడరేవు మీద బాంబులు వేశాయి. వాటిలో పేలనిది ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మన హార్బర్‌కు అల్లంత దూరంలో మునిగిపోయింది. కాబట్టి "అదంతా కల్పన, భయపడకండి" అని మిమ్మల్ని పసిపిల్లలా బుజ్జగించే ఉద్దేశం నాకు లేదు. ఇక్కడ యుద్ధం గురించి నవల రావడంలో వింత లేదు. ఆ నవల ఎంతవరకు నిజాయితీగా ఉందో తేల్చగలిగేది హైదరాబాద్‌లో ఉన్న మీ తమ్ముడు కాదు, మీరు.

ముందు మీ వారి సంగతి. ఆయన మాట మార్చడాన్ని మీరు జవాబుగా తీసుకున్నారు. 2019 డిసెంబర్‌లో మన ఊళ్ళో ఏం జరిగిందో గుర్తుందా? సోషల్ మీడియాలో ఆడపేర్లతో పరిచయం చేసుకున్నవాళ్ళ వలలో పడి, ఓడల వివరాలు బయటికి పంపారనే ఆరోపణ మీద కొందరు సెయిలర్లను అరెస్టు చేశారు. మన కొండ పేరే ఆ కేసుకు పెట్టారు, ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అని. ఆ నెలలోనే నౌకాదళం తన స్థావరాల్లో, డాక్‌యార్డుల్లో, యుద్ధనౌకల మీద స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. అలాంటి చోట పనిచేసే మనిషిని "శత్రువు హార్బర్ ఛానల్ మూసేస్తే మీరేం చేస్తారు" అని భోజనాల దగ్గర అడిగితే ఏం చెప్తారు? ఉన్నా చెప్పరు, లేకపోయినా చెప్పరు. సెయిలింగ్ నుంచి ఏ రోజు వస్తారంటే కూడా ఆయన తేదీ సరిగ్గా చెప్పరు కదా. ఆ మౌనానికి మీరు ఎప్పుడూ అర్థాలు వెతకలేదు, కూర ఏం వండాలో చూసుకున్నారు. దీన్నీ ఆ లెక్కలోనే వేయండి. ముఖ్యంగా ఫోన్లో, వాట్సాప్‌లో ఇలాంటివి అడగకండి.

బీచ్‌లో ఓడలు లెక్కపెట్టడం కూడా ఆపేయండి. మన కంటికి కనిపించేదానితో ఏమీ తేలదని 1971లో ఈ ఊళ్ళోనే రుజువైంది. విమానవాహక నౌక విక్రాంత్ కోసమే గాజీ ఇటు వచ్చింది. అప్పటికి విక్రాంత్ అండమాన్ వైపు వెళ్ళిపోయింది. ఆ సంగతి శత్రువుకు తెలియకూడదని తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఒక నాటకం నడిపించారు. విక్రాంత్ ఇక్కడే ఉన్నట్టు వైర్‌లెస్ సందేశాలు పంపించారు. అంత పెద్ద ఓడ సిబ్బందికి సరిపోయేలా మాంసం, కూరగాయలు కాంట్రాక్టర్లకు ఆర్డరు పెట్టించారు, ఆ వార్త బజార్లో పాకి గూఢచారుల చెవిన పడాలని. పాత నౌక రాజ్‌పుత్ విక్రాంత్ వేషం కట్టింది. గాజీ చివరికి ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాలూ ఇప్పటికీ చెరో మాట చెబుతాయి. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీళ్ళ అడుగున పేలే బాంబుల) వల్లనని మనవాళ్ళు, లోపలి పేలుడు గానీ దాని సొంత మైన్లు గానీ కారణమని వాళ్ళు. మనకు కావలసింది అది కాదు. ఆ రోజుల్లో మార్కెట్లో బేరం చేస్తున్న మనిషికి ఊళ్ళో విక్రాంత్ ఉందనే అనిపించాలి, అనిపించేలా చేశారు. ఇప్పుడు మీరు ఆర్కే బీచ్‌లో నిలబడి ఓడలు తక్కువున్నాయి కాబట్టి ఏదో జరగబోతోందనుకుంటే, అప్పటి బజారు కబుర్లు నమ్మినవాళ్ళకీ మీకూ తేడా ఏముంది?

ఇక అసలు సంగతికి వస్తాను. రాయాలా వద్దా అనుకుంటూ చివర్లో రాశారే, ఆ ఇస్త్రీ సంగతి. ఉత్తరం మొత్తంలో నేను మళ్ళీ మళ్ళీ చదివింది ఆ రెండు వాక్యాలే. మీ నిద్ర పాడుచేస్తున్నది క్షిపణులు కాదని నాకనిపిస్తోంది. యుద్ధం వస్తే భర్త వెళ్ళాల్సి ఉంటుందని నేవీ మనిషిని చేసుకున్ననాడే మీకు తెలుసు, దానికి మీరు ఎప్పుడో సిద్ధపడి ఉంటారు. ఈ నవల మీరు సిద్ధపడని ప్రశ్న వేసింది: ఆ యూనిఫాం సముద్రం వైపు కాకుండా మన గుమ్మం వైపు తిరిగితే?

ఆ సోదా సీన్, నా ఉద్దేశంలో, ఈ రచయిత నిజంగా బాగా రాసిన ఒకే ఒక్క సీన్. వన్ టౌన్‌లో ఒక పాత పెంకుటిల్లు. కుర్ర ఆఫీసరు లోపలికి వస్తాడు. ఇంట్లో ముసలమ్మ, వచ్చినవాడెవడని చూడకుండా అలవాటుగా మంచినీళ్ళు ఇస్తుంది. అతను తాగుతాడు. గ్లాసు కింద పెట్టి, మంచం కింద దాచిన బియ్యం బస్తా బయటికి లాగమంటాడు. కేకలు లేవు, కొట్టడం లేదు. అందుకే అంతగా గుచ్చుకుంటుంది. మీరు ఆపింది దాదాపు అక్కడే అనుకుంటాను. ఆ కుర్రవాడు రెండో సగంలో మళ్ళీ వస్తాడు. ఏం చేస్తాడో చెప్పను గానీ, పూర్తి చేయమని నేను పట్టుబట్టడానికి సగం కారణం అతనే. ఇప్పుడు ఆపేస్తే గ్లాసు కింద పెట్టిన మనిషిగానే మీకు గుర్తుండిపోతాడు.

మీ వారిని అడగాల్సింది కూడా ఇక్కడే. "ఇది నిజంగా జరుగుతుందా" అని అడక్కండి. ఆ నాలుగు పేజీలు ఆయనకు చదివి వినిపించి, "ఆ కుర్రాడి స్థానంలో మీరుంటే ఏం చేస్తారు" అని అడగండి. దీనికి జవాబు చెప్పడానికి ఏ రహస్యమూ అడ్డురాదు. ఓడల సంగతి చెప్పలేని మనిషి తన సంగతి చెప్పగలడు. వెంటనే చెప్పకపోవచ్చు, రెండు రోజులు ఆగి చెప్పొచ్చు. ఆజ్ఞ వస్తే తప్పదు అంటారేమో, అప్పుడు వాదన పెట్టుకోవచ్చు కూడా. 1957 నాటి నేవీ చట్టం శిక్ష వేసేది చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించినవాడికి. ఆ చట్టబద్ధమైన అన్న మాట ఎంత దూరం వెళ్తుందో మీకంటే ఆయనకే బాగా తెలుసు. ఇంతకాలం యూనిఫాం ఇస్త్రీ చేసిన మనిషికి ఆ సంభాషణ అడిగే హక్కుంది.

ఇదే దారిలో నవలనూ నిలదీయండి. ఊరు సైన్యం చేతిలోకి ఎలా వెళ్ళింది? నవల్లో ఒక రాత్రి టీవీలో ప్రకటన వస్తుంది, తెల్లారేసరికి కలెక్టరేట్‌లో ఒక కల్నల్ కూర్చుని ఉంటాడు. అంతే. ఎవరు సంతకం పెట్టారు, పార్లమెంటు ఏమైంది, హైకోర్టు ఏం చేస్తోంది, ఒక్క ముక్క లేదు. 1971 యుద్ధంలో దేశమంతా ఎమర్జెన్సీ ఉంది, అయినా జిల్లాను నడిపింది కలెక్టరే. 1975 అనుభవం తర్వాత, 1978లో 44వ రాజ్యాంగ సవరణతో ఎమర్జెన్సీ పెట్టడమే కష్టం చేశారు. మంత్రివర్గం రాతపూర్వకంగా చెప్పాలి, నెలలోగా పార్లమెంటు ఆమోదించాలి. ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు సంబంధించిన 21వ అధికరణాన్ని ఎమర్జెన్సీలో కూడా పక్కన పెట్టడానికి వీల్లేదు. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి అలా జరగనే జరగదని నేను హామీ ఇవ్వను. 1975లో ఒక్క శత్రు ఓడ కూడా రాకుండానే హక్కులు పోయాయి. కానీ ఈ తలుపులన్నీ ఒక్కొక్కటిగా ఎలా తెరుచుకున్నాయో చూపించే నవల మనల్ని హెచ్చరిస్తుంది. ఒక్క టీవీ ప్రకటనతో దాటేసే నవల భయపెట్టి ఊరుకుంటుంది. మీ చేతిలో ఉన్నది చాలావరకు రెండో రకం.

ఇక మన ఊరి సంగతులు అతను రాసిన తీరు చూస్తే, మన్నించాలి, నవ్వొస్తుంది. యారాడలో దిగిన హీరో నడుచుకుంటూ పావుగంటలో వన్ టౌన్‌లో తేలతాడు. మధ్యలో హార్బర్ ఛానల్ ఉందిగా, అది ఎలా దాటాడో! మే నెలలో యుద్ధం, ఒక్కడికీ చెమట పట్టదు. శత్రువు ఛానల్‌లో ఓడ ముంచి నౌకలను లోపలే బంధిస్తాడు. ఈ ఊహ వరకు ఫర్వాలేదు, డాల్ఫిన్స్ నోస్ పక్కన దారి ఇరుకే. మన పోర్టు కట్టేటప్పుడే రెండు పాత ఓడలను కావాలని ముంచి అలలకు అడ్డుకట్టగా వాడుకున్నారు. కానీ ఆ ఒక్క దెబ్బతో విశాఖకు సరుకు రావడమే ఆగిపోయిందంటాడు. ఔటర్ హార్బర్ ఏమైంది, దక్షిణాన గంగవరం పోర్టు ఏమైంది? సముద్రం అడుగున కేబుళ్ళు కోయగానే గాజువాక నుంచి మద్దిలపాలెంకి ఫోన్ పోదట. దేశానికి బయటి నుంచి ఇంటర్నెట్ తెచ్చే సముద్రపు కేబుళ్ళు ఇంతవరకు ఎక్కువగా ముంబైలో, చెన్నైలో ఒడ్డుకు చేరేవి. అవి తెగితే విదేశీ వెబ్‌సైట్లు నత్తనడక నడుస్తాయి గానీ, పక్క వీధికి ఫోను భూమ్మీది తీగల గుండా, టవర్ల గుండా వెళ్తుంది. మన ఫోన్లు మూగబోయింది హుద్‌హుద్ తుఫానులో. అది కేబుళ్ళు తెగి కాదు, కరెంటు పోయి, టవర్లు పడిపోయి.

హుద్‌హుద్ అన్నాను కాబట్టి అక్కడ కాస్త ఆగుతాను. ఎందుకంటే ఈ నవలకు కొలబద్ద మీ దగ్గరే ఉంది. 2014 అక్టోబర్ 12. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను లేదు, ట్యాంకర్ల దగ్గర బిందెల వరుసలు, పెట్రోల్ బంకుల దగ్గర కిలోమీటర్ల క్యూలు. నవల్లో మూడో రోజుకే పక్కింటివాళ్ళు ఒకరి తలుపులు ఒకరు పగలగొడతారు. మన దగ్గర మూడో రోజు ఏం జరిగింది? మీ వీధిలో ఎవరి ఇన్వర్టర్ మీద ఎవరి ఫోన్లు చార్జింగ్ పెట్టారో, ఎవరి గ్యాస్ మీద ఎవరికి అన్నం వండారో గుర్తుచేసుకోండి. పాల ప్యాకెట్ ధర పెంచి అమ్మినవాళ్ళనూ గుర్తుచేసుకోండి, వాళ్ళూ ఉన్నారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకైనప్పుడు పడిపోయినవాళ్ళను భుజాల మీద మోసుకెళ్ళినవాళ్ళను ఊరంతా టీవీలో చూసింది. రేపు నిజంగా కష్టమొస్తే ఈ ఊళ్ళో మనుషులు ఎలా ప్రవర్తిస్తారో చెప్పడానికి ఇవే సాక్ష్యాలు. రచయిత దగ్గర ఉన్నది మ్యాపు ఒక్కటే.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది జాలర్ల విషయం. ఇంత పెద్ద నవల్లో జాలరిపేట వాళ్ళు రెండే రకాలు: దొంగ సరుకు తెచ్చేవాళ్ళు, శత్రువుకు కబురు చేరవేసేవాళ్ళు. ఈ తీరంలో ఉద్రిక్తత వస్తే మొదట దెబ్బ తగిలేది ఎవరికో అతనికి తెలియదు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుజరాత్‌లోని వెరావల్ పడవల మీద పనికి వెళ్ళిన 20 మంది 2018 చివర్లో పాకిస్తాన్ అధికారులకు చిక్కారు. 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇల్లు చేరలేదు. ఏ యుద్ధమూ ప్రకటించకుండానే ఏడాదికి పైగా ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎలా నెట్టుకొచ్చారో ఎవరైనా రాస్తే అది నిజమైన నవల. ఇంకో చిన్న విషయం. ఊరంతా ఆకలితో అల్లాడుతుంటే ఎవరి నోటా చోడి (రాగి) అంబలి మాట రాదు, ఎండుచేపల మాట రాదు. బిస్కెట్ ప్యాకెట్ల కోసం కొట్టుకుంటారు. ఈ గట్టు మీద పుట్టినవాళ్ళు అలా కొట్టుకోరండీ!

రెండో సగం చదువుతూ ఇలాంటివి కనిపించినప్పుడల్లా పెన్సిల్‌తో గీత పెట్టండి. తమ్ముడి పుస్తకమైనా ఫర్వాలేదు, వాడే కదా అంటగట్టింది. భయం పూర్తిగా పోతుందని కాదు. ఎక్కడ భయపడాలో, ఎక్కడ నవ్వుకోవాలో మీకే వేరుగా కనిపిస్తుంది.

మీ అత్తగారితో వాదించకండి. కొడుకు సముద్రం మీద ఉద్యోగం చేస్తున్న తల్లి తథాస్తు దేవతల పేరు చెబితే, దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి నాకు నోరు రాదు. ఆవిడ ముందు చదవకండి, నవల్లో ఏం జరిగిందో ఇంట్లో గట్టిగా చెప్పకండి, సరిపోతుంది. ఆవిడ వయసు మీరు రాయలేదు. అరవై దాటి, ఈ చుట్టుపక్కలే పెరిగి ఉంటే మాత్రం ఒకసారి కూర్చోబెట్టి 1971 గురించి అడగండి. కిటికీలకు నల్ల కాగితాలు, రాత్రి దీపాలు ఆర్పేయడం, గాజీ పేలినప్పుడు ఇళ్ళు అదిరాయని చెప్పుకోవడం. వాళ్ళ పెద్దవాళ్ళు ఇంకా వెనక్కి వెళ్ళి, జపాన్ బాంబులప్పుడు ఊరు ఖాళీ చేసి మూటాముల్లెతో పల్లెలకు పోయిన సంగతీ చెప్పి ఉండొచ్చు. "ఎప్పుడో జరిగింది చెప్పండి" అంటే తథాస్తు దేవతలకూ అభ్యంతరం ఉండదు. పైగా, మీ వారు ఉద్యోగంలో చేరినప్పుడు ఆవిడ ఎన్ని రాత్రులు నిద్రపోలేదో కూడా ఆ మాటల్లో బయటపడొచ్చు. మీకు ఇప్పుడు అది పనికొస్తుంది.

అబ్బాయి సంగతి. తొమ్మిదో తరగతి అంటే చదవొచ్చు. వద్దంటే ఫోన్లో పైరేటెడ్ కాపీ సంపాదించి దుప్పటి కింద చదువుతాడు. మీరు పూర్తి చేశాక ఇవ్వండి. వాడికి నచ్చేది మీకు గుచ్చుకున్నది కాదు, టార్పెడోలు, డ్రోన్లు, ఎవరి ఓడ ఎంత వేగం అన్నది. అది ఆ వయసుకు సహజం, దానికి క్లాసు పీకకండి. ఒక ఆదివారం బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్న కురుసుర లోపలికి తీసుకెళ్ళండి. ఇదివరకే చూశానంటాడు, మళ్ళీ తీసుకెళ్ళండి. 1969 నుంచి 2001 వరకు నేవీలో పనిచేసిన జలాంతర్గామి అది. టార్పెడోల పక్కనే వేలాడే ఆ పడకల దగ్గర నిలబడి, ఇక్కడ ఇన్ని వారాలు సూర్యుణ్ణి చూడకుండా ఉండాలంటే ఎలా ఉంటుందో ఊహించమనండి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. సోదా సీన్ గురించి మాత్రం వాడంతట వాడు ఏమంటాడో వినండి, మీరు ముందు చెప్పకండి.

వాడి విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఈ నవల చదివిన కుర్రాళ్ళు ఆన్‌లైన్‌లో తెగ చర్చించుకుంటారు. "మా నాన్న ఫలానా షిప్‌లో ఉన్నారు, అలా జరగదు" అని ఒక్క కామెంటు చాలు, అవతల ఎవరున్నారో తెలియదు. మీరూ అంతే, ఏ బుక్ గ్రూపులో అయినా ఈ నవల గురించి రాస్తే మీ వారి ఉద్యోగం ప్రస్తావన తేకండి. నాకు రాసిన ఉత్తరంలో పేరు వేయవద్దన్నారు, మంచి పని చేశారు. ఓడ పేరు కూడా రాశారు, అది నేను తీసేశాను. ఇకపై ఉత్తరంలో కూడా రాయకండి. అబ్బాయి ఫోన్లో ప్రైవసీ సెట్టింగులు మీ వారినే కూర్చుని సరిచేయమనండి.